చెలమ కొలత

తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను కర్నూల్లో మా ఇంటి మిద్దె మీద నీళ్ళ ట్యాంకు నిండిందో లేదో చూస్తున్నాను. "అక్కా, చెలమ పెద్దనాయన పోయినాడు," అన్నాడు. ట్యాంకు నిండి, నీళ్ళు గోడ మీదుగా కారి, కింద వీధిలో ఎవరో "ఏమ్మా, నీళ్ళన్నీ పోతాండాయి!" అని కేకేసేదాకా అట్లాగే నిలబడిపోయాను. పెద్దనాయన ఆ నీళ్ళు చూసి ఉంటే వారం రోజులు నాతో మాట్లాడేవాడు కాదు.

కోడుమూరు దాటాక మా ఊరి దగ్గర బస్సు దిగేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. చావింటికి పోతూ ఉంటే గుడి అరుగు మీద నుంచి పిలిచారు. మా గుడికి మూడేళ్ళ కింద వచ్చిన కొత్త పాస్టరు చిన్నయ్యగారు, నలుగురు సంఘ పెద్దలు కూచుని ఉన్నారు. మధ్యలో బాప్తిస్మాల రిజిస్టరు తెరిచి పెట్టి ఉంది. అట్టలు ఊడిన పాత పుస్తకం.

"టీచరమ్మా, మీరన్నా చూడండి," అన్నాడు చిన్నయ్యగారు. "మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చూసినా. ఈయన పేరు యాడా లేదు. బాప్తిస్మం లేనోళ్ళను సంఘం సమాధుల్లో పెట్టగూడదంట. నేను పెట్టిన రూలు కాదమ్మా అది."

పెద్దలు తలలు వంచుకున్నారు. ఆ అరుగు మీద కూచున్న వాళ్ళలో చిన్నయ్యగారు తప్ప మిగతా అందరూ పెద్దనాయన ఏటి ఇసుకలో తవ్విన చెలమలో మునిగి లేచినవాళ్ళే. నేనూ అంతే. ఏ పేజీ తిప్పాలో నాకు తెలుసు. కానీ తిప్పడానికి చెయ్యి రాలేదు. ఆ పేజీలో ఉన్న అక్షరాలు నావి. పదిహేనేళ్ళుగా ఆ సంగతి మా ఇంట్లో వాళ్ళకు కూడా చెప్పలేదు.

ముందు ఆయన ఎవరో చెప్తాను. పేరు మాత్రం రాయను. ఎందుకు రాయనో మీకే తెలుస్తుంది.

హంద్రి ఏరు మా ఊరి పక్కనే పోతుంది. పోతుందని అనడమే గానీ ఏడాదిలో పదకొండు నెలలు అది ఇసుకే. కాలువ కింద ఊళ్ళ సంఘాలకు ఏ బాధా లేదు, కాలువలో దిగి బాప్తిస్మాలు ఇచ్చుకుంటారు. మాకు ఆ భాగ్యం లేదు. పోనీ తల మీద నాలుగు చుక్కలు చల్లి ఊరుకునే సంఘమా అంటే, అదీ కాదు. మనిషి మొత్తం మునగాలి. వెంట్రుక కూడా పైన తేలకూడదు. చిలకరింపు బాప్తిస్మం ఇచ్చే పక్క ఊరి సంఘాన్ని చూసి మావాళ్ళు "వాళ్ళది మొగం కడుక్కునే బాప్తిస్మం" అని నవ్వేవాళ్ళు. తాగడానికి రెండు బిందెలు దొరకని ఊళ్ళో కూచుని అంత పట్టుదల! ఆ పట్టుదల నిలబెట్టింది ఈ ఒక్క మనిషే.

బాప్తిస్మాల ఆదివారం తెల్లవారక ముందే ఆయన ఏట్లోకి దిగేవాడు. చెప్పులు గట్టు మీద వదిలి, కళ్ళు సగం మూసుకుని, ఇసుక మీద మెల్లగా నడిచేవాడు. వెలుతురు ఇంకా సరిగ్గా విచ్చుకోని ఆ వేళలో ఆయన నడక చూస్తే మనిషి నిద్రలో నడుస్తున్నాడేమో అనిపించేది. ఒక చోట ఆగేవాడు. పాదం ఎత్తి మళ్ళీ అక్కడే పెట్టేవాడు. "ఈడ," అనేవాడు. ఎట్లా తెలుస్తుందని అడిగితే "కాలికి తెలుస్తాది పాపా, నాకు తెల్దు," అనేవాడు.

ఆయన చంకలో ఎప్పుడూ ఒక తుమ్మకట్టె ఉండేది. పట్టి పట్టి నున్నబడిపోయిన కట్టె. దాన్ని ఇసుక మీద పడుకోబెట్టి, అటు కొసకు ఒకటి ఇటు కొసకు ఒకటి మడమతో గీతలు గీసేవాడు. ఆ రెండు గీతల మధ్యే పార వేసేవాడు. మోచేతి లోతుకు చెమ్మ తగిలేది. నడుము లోతుకు ఊట మొదలయ్యేది. తొలి ఊట అంతా తోడి పారబోసేవాడు. ఇసుక జారిపోకుండా చుట్టూ జొన్నసొప్ప కట్టలు నిలబెట్టేవాడు. మలి ఊట తేరుకున్నాక దోసెడు నీళ్ళు తాగి, "దిగచ్చు," అని చెప్పి గట్టెక్కేవాడు. గుడిలో పాటలు అయిపోయి మేమంతా ఏటికి వచ్చేసరికి ఆ గుంత నిండా ఆకాశం ఉండేది.

మనిషి ఆరడుగుల పైన ఎత్తు. మా ఇంట్లోకి రావాలంటే నడుము దాకా వంగాల్సిందే. అట్లాంటి మనిషి తీసే చెలమ మాత్రం పొట్టిది. అందులో కూచోబెట్టి వెనక్కి వాల్చి ముంచుతుంటే పొడుగాటి వాళ్ళ మోకాళ్ళు పైకి తేలేవి. పెద్దయ్యగారు, అంటే ఆ రోజుల్లోని మా పాస్టరుగారు, ఒక చేత్తో తల, ఇంకో చేత్తో మోకాళ్ళు అదిమి నానా అగచాట్లు పడేవాడు. "ఏమప్పా, ఇంగొక మూరెడు తీస్తే నీదేం పోతాది?" అని అందరూ విసుక్కునేవాళ్ళు. "కొలత కొలతే," అనేవాడు. అంతకు మించి మాట్లాడేవాడు కాదు.

సమాధులు తవ్వేదీ ఆయనే. చెలమ గుంత, సమాధి గుంత రెండూ ఒకే పారతో తవ్వేవాడు. మాకు చిన్నప్పుడు అది భయంగా ఉండేది. నేను ఒకసారి అడిగాను. "రెండూ ఒగటే పాపా," అన్నాడు. "మీ అయ్యగారు చెప్పేది అదే గదా. ముంచితే పూడ్చినట్లంట, లేపితే సచ్చి లేసినట్లంట. నేను తీసే గుంతల్లో ఒగదాంట్లోంచి అప్పుడే లేస్తారు. ఇంగొకదాంట్లో కాచుకోని ఉంటారు. అంతే బేదం." తరవాత చాలామంది ప్రసంగాలు విన్నాను, లావు పుస్తకాలూ చదివాను. బాప్తిస్మం అంటే ఏమిటో అంత తేలిగ్గా ఎవరూ నాకు చెప్పలేదు.

బాప్తిస్మాలు జరుగుతున్నంతసేపు ఆయన గట్టు మీద అటు తిరిగి కూచునేవాడు. చూసేవాడు కాదు, వినేవాడు. మునిగిన మనిషి పైకి లేచి గట్టిగా ఊపిరి పీల్చిన శబ్దం వినపడగానే "లేసిరి," అనేవాడు. పదిమంది మునిగితే పదిసార్లు అనేవాడు. ఆ మాట వినపడితేగానీ మాకు బాప్తిస్మం అయినట్టు ఉండేది కాదు.

నాకు పదిహేనేళ్ళప్పుడు నేను మునిగాను. అప్పటికి నేను పొట్టిదాన్ని. తల ఒక కొసకు, మడమలు ఒక కొసకు సరిగ్గా ఆనాయి. నీళ్ళ కింద ఒక్క క్షణం చాలా చల్లగా, పచ్చగా, నిశ్శబ్దంగా ఉంది. ఇప్పటికీ అప్పుడప్పుడు నిద్రలో ఆ పచ్చటి వెలుగు కనపడుతుంది. పైకి లేచి ఊపిరి పీల్చుకున్నాను. గట్టు మీద నుంచి మాట రాలేదు. చూస్తే ఆయన ఇటు తిరిగి నన్నే చూస్తున్నాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఇసుక పడిందేమో అనుకున్నాను.

ఆ రోజు తువ్వాలుతో తల తుడుచుకుంటూ పోయి అడిగాను. "అందరికీ తవ్వుతావు, నువ్వెందుకు మునగవు పెద్దనాయనా?" నాకు నోటి దురుసు చిన్నప్పటి నుంచీ ఉంది. ఆయన పార కడుక్కుంటూ, "నేను పోతే ఒగరు ఒంటరి ఐపోతారు పాపా," అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. ఇంటికి పోయి అమ్మను అడిగితే అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే అంతా చెప్పింది.

ఆయన భార్య సుంకులమ్మ. నాకు ఊహ తెలియక ముందే పోయింది. ఆ ఇంట్లో మొదట నమ్ముకున్నది ఆమే. ఆయన్ని గుడి గడప తొక్కించిందీ ఆమే. బాప్తిస్మంలో కొత్త పేరు పెట్టించుకునే ఆచారం ఉంది కదా, ఆమె ముందే తనకు తాను రూతమ్మ అని పేరు ఎంచుకుని, ఆ సంగతి అమ్మ చెవిలో చెప్పి మురిసిపోయిందట. అంతలో జబ్బు చేసింది. అది కరువు ఏడు. హంద్రిలో చెమ్మ కూడా లేదు. "వానలు రానీమ్మా, అందరికీ కలిపి ఇస్తాం," అన్నాడు పెద్దయ్యగారు. ఆమెకు వానల దాకా ఆగే ఓపిక లేదు. అప్పుడు పెద్దనాయనే ఇంటికి పోయి, ఆమెను గడప పక్కన నిలబెట్టి, తుమ్మకట్టె ఒకటి ఆమె ఎత్తుకు సరిగ్గా కొలిచి కోసుకున్నాడు. "పెద్ద గుంత అయితే నిండదు. నీ ఒక్కదానికి సరిపోయేంత తీస్తా," అని ఏట్లోకి పోయాడు.

రెండు పగళ్ళు తవ్వాడు. నిలువులోతు పోయినా ఇసుక ఎండగానే వచ్చింది. "ఇంట్లో బిందెడు నీళ్ళు ఉండాయి అయ్యగారూ, అవి తల మీద పోయండి," అని ఆమె అడిగిందట. పెద్దయ్యగారు ఒప్పుకోలేదు. పోసేది బాప్తిస్మం కాదన్నాడు. ఆ వారమే ఆమె పోయింది. బాప్తిస్మం లేదు కాబట్టి సంఘం సమాధుల్లో చోటు లేదన్నారు. ఏటి గట్టు మీద ఆయనే తవ్వుకుని పూడ్చుకున్నాడు. కొలిచింది ఆ కట్టెతోనే.

చెలమ ఎందుకు పొట్టిగా ఉంటుందో అప్పుడు తెలిసింది. మా ఊళ్ళో మునిగిన ప్రతి మనిషీ ఆమె కోసం తీసిన గుంతలోనే మునిగాడు. ఆ రాత్రి అన్నం ముందు కూచుని ఏడ్చాను. అమ్మ నన్ను ఊరుకోబెట్టలేదు, తనూ ఏడ్చింది.

పెద్దయ్యగారు ఏటేటా ఆయన్ని అడిగేవాడు. ఒకసారి నా ఎదుటే అడిగాడు.

"ఎన్నాళ్ళప్పా ఇట్ల? బాప్తిస్మం అవసరమని తెల్సు గదా నీకి?"

"అవసరమే అయ్యగారూ. కాదంటానా? ఆయమ్మ యాడుండాదో చెప్పండి, నేనూ ఆడికే వస్తా."

"అది దేవునికే తెలుసు."

"అయితే తెల్సినాక చెప్పండి. నేను యాడికీ పోను," అని పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. కోపం లేదు ఆ గొంతులో. అదే పెద్దయ్యగారిని ఎక్కువ నొప్పించిందనుకుంటాను.

నేను టీచరుగా చేరాక ఒక ఏడు హంద్రికి పెద్ద వరద వచ్చింది. ఎన్నడూ చూడనంత నీళ్ళు. గట్టు కోసుకుపోయింది. గట్టుతో పాటు ఆమె సమాధీ పోయింది. నేను సెలవు పెట్టి ఊరికి వచ్చి చూస్తే ఆయన కొట్టుకుపోయిన గట్టు అంచున గొంతు కూచుని ఎర్రటి నీళ్ళ వైపు చూస్తున్నాడు. పోయి పక్కన కూచున్నాను. ఆయనే అన్నాడు: "ఆ పొద్దు ఎంత తవ్వినా రాల్యా. ఇప్పుడు అవే వచ్చి ఎత్తుకపోయినాయి." మళ్ళీ, "నీళ్ళయితే తాకినాయి పాపా. పేరే రాల్యా," అన్నాడు.

ఆ మాట నేను పోయి పెద్దయ్యగారికి చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆయన అప్పటికి ముసలివాడైపోయి, చూపు మందగించి, పనిలోంచి దిగిపోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

మరుసటి ఎండాకాలం, పెద్దయ్యగారు ఊరు విడిచి పోయే ముందు రోజు, కోడి కూసే వేళకు మా వాకిట్లోకి వచ్చి, "రిజిస్టరు నువ్వు పట్టుకో పాపా, నాకు కండ్లు ఆనవు," అన్నాడు. ఏటికి పోయే దారిలో తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అన్నాడు: "సిలువ మీద దొంగను ఏసయ్య పరలోకానికి రమ్మన్నాడే, వానికి ఎవరు నీళ్ళు తెచ్చినారమ్మా? ఆ మాట మీద ఎన్ని ప్రసంగాలు చేసింటానో. ఆయమ్మ బిందె చూపించి అడిగిన పొద్దు మాత్రం గుర్తు రాల్యా."

ఏట్లో పెద్దనాయన చెలమ తీసి, దాని పక్కన నిలబడి ఉన్నాడు. ముందు రాత్రి వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. అక్కడ మేం ముగ్గురమే. తెల్లారుతూ ఉంది. ఇసుక మీద మంచులాంటి వెలుతురు పరుచుకుని, ఏరంతా ఎవరో కంటున్న కలలా ఉంది.

పెద్దనాయన గుంతలోకి దిగి కూచున్నాడు. అంత మనిషికి ఆ గుంత ఏం చాలుతుంది! కాళ్ళు ముడుచుకున్నాడు. పెద్దయ్యగారు చేతిని ఆయన తల కింద పెట్టి, "రూతమ్మా," అని పిలిచాడు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో, అని వెనక్కి వాల్చాడు. తల, రొమ్ము, చేతులు అన్నీ నీళ్ళ కిందికి పోయాయి. మోకాళ్ళు రెండూ పొడిగా పైనే ఉన్నాయి. అదిమే బలం పెద్దయ్యగారికి లేదు. ఒక్క క్షణం ఆ మోకాళ్ళ వైపు చూసి, దోసిలితో నీళ్ళు తీసి వాటి మీద పోశాడు. జీవితమంతా కాదన్న పని అది. పోస్తూ పోస్తూ బిగ్గరగా ఏడ్చాడు.

పెద్దనాయన లేచి ఊపిరి పీల్చుకున్నాడు. గట్టు మీద ఎవరూ లేరు. "లేసిరి," అన్నాను నేనే.

రిజిస్టరు తెరిచి, "ఏం పేరు రాయాలి?" అని అడిగాను.

"ఆయమ్మదే రాయి. నాది ఏంటికి? నన్ను అందరికీ తెల్సు."

నేను పెద్దయ్యగారి వైపు చూశాను. "రాయి పాపా. తప్పయితే నా మీద ఉండనీ," అన్నాడు. నా మంచి దస్తూరీతో రూతమ్మ అని రాసి తేదీ వేశాను. పెద్దనాయనకు చదువు రాదు. "ఏదీ, యాడ?" అని వంగి, తడి వేలితో ఆ పేరును ఒక కొస నుంచి ఇంకో కొసదాకా తడిమాడు. చివరి అక్షరం అలుక్కుపోయింది.

తరవాత ఇద్దరూ ఈ సంగతి ఎక్కడా ఎత్తలేదు. పెద్దయ్యగారు రెండేళ్ళకే కన్నుమూశాడు. హంద్రి ఇసుక లారీలకెక్కి పోయింది. గుడి వెనక సిమెంటు తొట్టి కట్టారు, ట్యాంకరు వచ్చి నింపి పోతుంది. ఆ ఆదివారాల్లో కూడా ఆయన వచ్చి గుడి గోడకు ఆనుకుని అటు తిరిగి కూచునేవాడట. "లేసిరి," అనేవాడట. కొత్త పిల్లలు నవ్వేవాళ్ళట.

అరుగు మీద నేను ఆ పేజీ తిప్పి చూపించాను.

"రూతమ్మ ఎవరమ్మా? ఇది ఆడమనిషి పేరు గదా," అన్నాడు చిన్నయ్యగారు. చెప్పాను. మొదటి నుంచి చివరిదాకా అంతా చెప్పాను.

"మునిగింది ఆయప్ప, పేరు ఆయమ్మది. ఎవురికి చెల్లుతాది అయ్యగారూ?" అన్నాడు ఒక పెద్దాయన. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

చిన్నయ్యగారు దానికి జవాబు చెప్పకుండా నన్ను అడిగాడు: "మొత్తం మునిగినాడా?"

అవునంటే అయిపోయేది. ఆ ఒక్క మాట అనలేకపోయాను. "మోకాళ్ళు మునగలేదు. పెద్దయ్యగారు దోసిలితో పోసినాడు."

"పెద్దయ్యగారా!" అన్నారు నలుగురూ ఒకేసారి తలలెత్తి. చిన్నయ్యగారు అలుక్కుపోయిన అక్షరం మీద వేలు పెట్టి చూశాడు. అది ఎప్పుడో ఆరిపోయింది. పుస్తకం మూసి, "చెల్లేది చెల్లనిది పైనున్న ఆయన చూసుకుంటాడు. పదండి, పొద్దు పోతాంది," అని లేచాడు.

గుంత తవ్వడానికి పిల్లలను ముందు పంపి, పెద్దనాయనను మోసుకుని మేం సమాధుల దొడ్లోకి పోయేసరికి వాళ్ళు బిక్కమొహాలు వేసుకుని నిలబడి ఉన్నారు. పెద్దనాయన ఏ గుంత తవ్వినా ఆ కట్టెతోనే కొలుస్తాడనుకుని, ఆయన గుడిసెలో గడప పక్కన నిలబెట్టి ఉన్న తుమ్మకట్టె తెచ్చి, దానితోనే కొలిచి తవ్వారు. తీరా చూస్తే గుంత మూరెడు తక్కువైంది. "ఈ కట్టెతో అందరికీ ఎట్ల కొలిచినాడక్కా?" అని అడిగాడు మా తమ్ముడు. నేను ఆ కట్టె వాడి చేతిలోంచి తీసుకుని, ఏడుస్తూనే నవ్వాను.

పిల్లలు మళ్ళీ పార అందుకున్నారు. ఆయన్ని దించాక చిన్నయ్యగారు ఆ కట్టె ఇమ్మని నా వైపు చెయ్యి చాచాడు. దాన్ని తీసుకుని, గుంతలోకి వంగి, కింది కొస ఆయన పాదాలకు సమంగా పెట్టి పక్కన పడుకోబెట్టాడు.

పై కొస ఆయన భుజం దాకా వచ్చింది.